పెళ్లిలో క్యాండిడ్ ఫోటోలు: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి

స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెట్టి "కొంచెం నవ్వండి" అంటే వచ్చే నవ్వు ఎలా ఉంటుందో ఏ ఇంట్లో పాత ఆల్బమ్ తీసినా తెలుస్తుంది. పళ్లు కనిపిస్తాయి, కళ్లు మాత్రం ఈ పని ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు ఉంటాయి. ఆ ఫోటోలూ కావాలి, చుట్టాలందరితో గ్రూప్ ఫోటో లేకపోతే మర్నాడే నిష్ఠూరాలు మొదలవుతాయి. ఇక్కడ చెప్పేది మాత్రం అడగకుండా వచ్చే ముఖాల గురించి, అంటే క్యాండిడ్ ఫోటోల గురించి.

క్యాండిడ్ అంటే దొంగచాటుగా తీయడమని చాలామంది అనుకుంటారు. స్తంభం చాటు నుంచి, దూరాన్ని దగ్గరికి లాగే 200 ఎంఎం లెన్స్‌తో తీస్తే దొరికేవి చెవులు, జడలు, మధ్యలో అడ్డొచ్చిన ఎవరిదో మోచెయ్యి. తెలుగు పెళ్లిలో దాక్కోవాల్సిన అవసరమే లేదు. తంతుకు ఒక వరుస ఉంది, ఏ ఘట్టంలో ఎవరి ముఖం మారుతుందో ముందే తెలుసు. ఆ ముఖం కనిపించే చోట, అది మారకముందే, సెట్టింగులు సరిచూసుకుని నిలబడి ఉండాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు అదే. బటన్ నొక్కడం మిగతా పావు.

పెళ్లికి ముందు అడగాల్సినవి

పంతులుగారితో పది నిమిషాలు మాట్లాడండి. జీలకర్ర బెల్లం ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు? ఎవరు ఏ దిక్కుకు తిరిగి కూర్చుంటారు? తెర ఎవరు పట్టుకుంటారు, కిందికి దించుతారా, పక్కకు లాగుతారా? మంగళసూత్రం కట్టేటప్పుడు పెళ్లికొడుకు ఎదురుగా నిలబడతాడా, వెనక నుంచి కడతాడా? తలంబ్రాలు పీటల మీదేనా, లేపి నిలబెడతారా? కోస్తాలో ఒకలా, రాయలసీమలో ఒకలా, తెలంగాణలో ఒకలా ఉంటుంది. ఒకే ఊళ్లో రెండిళ్ల ఆనవాయితీ కూడా కలవదు. పోయిన వారం చూసిన పెళ్లిని నమ్ముకుని నిలబడితే తీరా సమయానికి పెళ్లికూతురి వీపు కనిపిస్తుంది.

ఇంటివాళ్లను అడగాల్సింది వేరే. పేర్లు కాదు, వరసలు అడగండి. పిల్లను చిన్నప్పుడు పెంచిన అమ్మమ్మ ఎవరు, బుట్టలో తెచ్చే మేనమామ ఎవరు, ఎవరు త్వరగా కళ్లనీళ్లు పెట్టుకుంటారు, ఎవరు అందర్నీ నవ్విస్తారు. ఎనిమిది పది మంది చాలు. అంతకన్నా ఎక్కువైతే గుర్తుండరు. ఫోటోల్లో పడటం ఇష్టంలేనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో కూడా అప్పుడే తెలుసుకోండి.

మూడోది వీడియో వాళ్లతో ఒప్పందం. ఫోటోగ్రాఫర్‌కీ వీడియోగ్రాఫర్‌కీ పడకపోతే ఇద్దరి పనీ చెడుతుంది. వాళ్ల ఎల్‌ఈడీ లైటు తిన్నగా ముఖం మీద పడితే ముక్కు, నుదురు మెరిసిపోతాయి, ముఖం పూరీలా చదునుగా కనిపిస్తుంది. అదే లైటును ఒక పక్కకు జరిపి, తల కన్నా రెండడుగులు ఎత్తులో పెడితే చెంప మీద నీడ వస్తుంది, ముఖానికి ఆకారం వస్తుంది. వాళ్ల వీడియోకీ అదే మంచిది. ముహూర్తం సమయంలో ఎవరు ఎక్కడ ఉండాలో నేల మీద చూపించుకుని మరీ మాట్లాడుకోండి.

లెన్స్, సెట్టింగులు

రెండు లెన్సులు చాలు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా అయితే చుట్టూ ఎక్కువ పట్టే 35 ఎంఎం, ముఖాన్ని దగ్గరికి తెచ్చే 85 ఎంఎం. చిన్న సెన్సార్ కెమెరా అయితే 23 లేదా 24 ఎంఎం ఒకటి, 50 ఎంఎం ఎఫ్/1.8 ఒకటి. ఈ 50 ఎంఎం అన్నిటికన్నా చవక, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది. 70-200 ఎంఎం జూమ్ ఉంటే పనికొస్తుంది, కానీ దాని బరువుతో, పొడవుతో పందిట్లో తిరుగుతుంటే పిల్లలు కూడా గుర్తుపట్టి పోజు పెడతారు.

ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే అది పెద్దది) ఎంత తెరిచినా ఫర్వాలేదనుకోవడం కొత్తవాళ్లు మొదట చేసే తప్పు. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల నుంచి ఎఫ్/1.8లో తీస్తే, స్పష్టంగా ఉండే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లు. ముఖం కొంచెం పక్కకు తిరిగి ఉంటే దగ్గరి కన్ను స్పష్టంగా ఉండి దూరపు కన్ను మెత్తబడుతుంది. ఎఫ్/2.8లో అది తొమ్మిది సెంటీమీటర్లు దాటుతుంది, ఎఫ్/4లో పదమూడుకు వస్తుంది. అందుకని ఒక్కరికి ఎఫ్/2 నుంచి ఎఫ్/2.8, పక్కపక్కన ఇద్దరికి ఎఫ్/4. వెనకాల పూల అలంకరణ మూడు మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/4లోనూ బ్లర్ అవుతుంది, భయపడకండి.

మాట్లాడుతూ, నవ్వుతూ ఉన్న మనిషికి షట్టర్ వేగం 1/250 (సెకనులో 250వ వంతు) కన్నా తగ్గించకండి. 1/60లో కూర్చున్న మనిషి స్పష్టంగానే వస్తాడు గానీ నవ్వినప్పుడు తల ఊగుతుంది, కళ్లు చెదురుతాయి. మాన్యువల్ మోడ్‌లో ఎపర్చర్, షట్టర్ మీరు పెట్టి, ఐఎస్‌ఓను (ఫోటో వెలుగును పెంచే అంకె, ఎక్కువైతే గింజలు కనిపిస్తాయి) ఆటోకి వదిలేయండి. గరిష్ఠం 6400 అని హద్దు పెట్టండి, చిన్న సెన్సార్ పాత కెమెరా అయితే 3200. మన ముహూర్తాలు చాలా అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి, ఆ హద్దు దాకా వెళ్లక తప్పదు. గింజలు గింజలుగా కనిపించే ఫోటోను ఇంటివాళ్లు పట్టించుకోరు, అమ్మ ముఖం చెదిరిపోతే మాత్రం అడుగుతారు.

అసలు ఈ రకం ఫోటో పుట్టిందే వెలుతురు బాగా పట్టే లెన్స్ వల్ల. 1924లో జర్మనీలో వచ్చిన ఎర్మానాక్స్ కెమెరాకు ఎఫ్/2 లెన్స్ ఉండేది. దానితోనే జర్మన్ ఫోటోగ్రాఫర్ ఎరిక్ సాలమన్ ఫ్లాష్ లేకుండా కోర్టుల్లో, దౌత్య సమావేశాల్లో మనుషుల్ని తీశాడు. ఇప్పుడు అంతకన్నా వెలుతురు పట్టే లెన్సులు మన చేతిలో ఉన్నా ఫ్లాష్ వెలిగించేస్తుంటాం.

క్యాండిడ్‌లో ఫ్లాష్ వద్దనడానికి కారణం వెలుతురు ఒక్కటే కాదు. మొదటి మెరుపుకి చుట్టూ పదిమంది మీ వైపు తిరుగుతారు, రెండో ఫోటో ఇక లేదు. పైకప్పుకు తిప్పి బౌన్స్ చేద్దామంటే కళ్యాణ మండపం కప్పు అందనంత ఎత్తు. షామియానా అయితే దాని గుడ్డ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది. గులాబీ గుడ్డ కింద బౌన్స్ ఫ్లాష్ వాడితే పెళ్లివారందరికీ జ్వరం వచ్చినట్టు ఉంటుంది.

మెనూలోకి వెళ్లి ఆపేయాల్సినవి రెండున్నాయి. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే బీప్, చీకట్లో ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటు. ఆ లైటు నేరుగా కళ్లలో పడుతుంది, అదే చాలు మనిషి సర్దుకుని కూర్చోవడానికి. సైలెంట్ షట్టర్ ఉంటే బాగుండుననిపిస్తుంది గానీ జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే చవక ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సైలెంట్ షట్టర్‌లో మాత్రం ముఖం మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. ఖాళీ స్టేజీని 1/250లో వరసగా పది ఫోటోలు తీసి చూడండి. వెలుగు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటే యాంటీ ఫ్లికర్ (మినుకుకు తగ్గట్టు ఫోటో తీసే వేళను సర్దే సౌకర్యం) ఆన్ చేసి, మామూలు షట్టర్‌కి మారండి. ఆ సౌకర్యం లేకపోతే కదలిక తక్కువున్న చోట 1/100కి దిగండి, మినుకు ఆ లెక్కలో కలిసిపోతుంది.

మధుపర్కాలు కెమెరాను మోసం చేస్తాయి. ఇద్దరూ తెల్లబట్టల్లో ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువుందనుకుని ఫోటోను నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) +0.7కి పెంచండి. తిరిగి పట్టుచీరల మధ్యకు వెళ్లినప్పుడు దాన్ని సున్నాకు తేవడం మర్చిపోతే జరీ అంచులు తెల్లగా పాలిపోతాయి. ఇంకో చిక్కు: పంచె తెల్లగా ఉందికదా అని దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేయడం) తీసుకుంటే, మధుపర్కాలు చాలామటుకు మీగడ రంగువి, పైగా పసుపు రాసి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ పసుపును తీసేయబోయి చర్మాన్ని నీలంగా చేస్తుంది. రా ఫైల్‌లో (RAW, కెమెరా మార్పులు చేయని ముడి ఫోటో) తీయండి. స్టేజీ లైట్ల కింద ఒక తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకుంటే తర్వాత సరిచేసుకోవచ్చు.

జీలకర్ర బెల్లం

దీని మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది రెండుసార్లు రాదు. "తెర మళ్లీ ఒకసారి పట్టుకోండి" అని అడిగే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అడిగి తీసినదాంట్లో చూపు ఉండదు, తెర మాత్రం ఉంటుంది.

ముహూర్తానికి పదిహేను నిమిషాల ముందే చోటు పట్టండి. చివరి ఐదు నిమిషాల్లో అక్షింతలు పట్టుకుని, ఫోన్లు ఎత్తుకుని బంధువులంతా పీటల చుట్టూ మూగుతారు. అప్పుడు లోపలికి దూరడం ఎవరి తరమూ కాదు. రెండు చోట్లున్నాయి. తెర అంచుకు సూటిగా కూర్చుని 35 ఎంఎం వాడితే ఇటు ఒక ముఖం, అటు ఒక ముఖం, మధ్యలో గుడ్డ. ఇద్దరూ పక్కనుంచే కనిపిస్తారు, చూపు సగమే అందుతుంది. చూపు పూర్తిగా కావాలంటే ఒకరినే ఎంచుకోవాలి. పెళ్లికూతురు కావాలంటే పెళ్లికొడుకు వెనక కొంచెం పక్కగా, 85 ఎంఎంతో, రెండున్నర మీటర్ల దూరంలో.

అక్కడ నిలబడకండి, మోకాళ్ల మీద కూర్చోండి. లెన్స్ కూర్చున్నవాళ్ల గడ్డం ఎత్తులో ఉండాలి. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టి ఉంటారు కాబట్టి నిలబడి తీస్తే ఆ చాచిన చేతులే ముఖానికి అడ్డొస్తాయి. కిందినుంచి అయితే అవి నుదుటికి పైన చూరులా నిలుస్తాయి, మధ్యలో ముఖం ఖాళీగా కనిపిస్తుంది.

ఇక్కడ ఆటోఫోకస్ దాదాపు ప్రతిసారీ చెడగొడుతుంది. కెమెరాకు ఎదురుగా ఉన్నది తెర, అది తెర నేతను పట్టుకుని కూర్చుంటుంది. తెర దిగాక ముఖానికి మారేలోపు సెకను పోతుంది. చేయాల్సింది ఇది: తెరపైన కనిపించే పాపిట బొట్టు మీద ఫోకస్ పెట్టి, లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కి మార్చి వదిలేయండి. ఎఫ్/4 పెట్టండి. ఆమె కొంచెం ముందుకు వంగినా ముఖం ఆ లోతులోనే ఉంటుంది.

గట్టిమేళం ఊపందుకోగానే వేలు బటన్ మీద ఉండాలి. తెర దిగగానే ఒకటే బర్స్ట్ (ఆగకుండా వరస ఫోటోలు) కొట్టి ఆపేస్తారు చాలామంది. నిజానికి మొదట ఇద్దరి చూపూ కిందికే ఉంటుంది. ఒక క్షణం తర్వాత పైకి లేస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరికి నవ్వొస్తుంది, రెండోవాళ్లకి అంటుకుంటుంది. సెకనుకు మూడు నుంచి ఐదు ఫ్రేముల వేగంలో, ఆగి ఆగి, పది పన్నెండు సెకన్లు తీయండి. సెకనుకు ఇరవై వేగంతో నొక్కి పట్టుకుంటే మొదటి చూపుకే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ నిండి, నవ్వు వచ్చే సమయానికి అది ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. లెన్స్‌కు హుడ్ (ముందు బిగించే తొడుగు) తగిలించి ఉంచండి, అక్షింతలు మీ మీదా పడతాయి.

ఆ తర్వాత ఒక్క పని చేయండి: వధూవరులను వదిలేసి వెనక్కి తిరగండి. ఊరంతా పీటల వైపు చూస్తున్న ఆ అరనిమిషంలో కన్నతల్లిని ఎవరూ చూడరు. ఆమె కూడా తనను ఎవరూ చూడటంలేదనే అనుకుంటుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని ముఖం దొరుకుతుంది. ఫోకస్‌ను తిరిగి ఆటోకి మార్చడం మర్చిపోవద్దు, మంచి ఫోటోలు పోయేది సరిగ్గా ఇక్కడే.

మిగతా ఘట్టాలు

మంగళసూత్రం కట్టేటప్పుడు ముఖాలు దొరకవు, ఆమె తల వంచి ఉంటుంది, అతని చూపు ముళ్ల మీద ఉంటుంది. చేతులు తీయండి, జడ పైకెత్తి పట్టుకున్న ఆడపడుచు ముఖం తీయండి, చాలు.

తలంబ్రాలు దీనికి పూర్తిగా వేరు. అందాకా సిగ్గుపడుతూ కూర్చున్న ఇద్దరూ చిన్నపిల్లలైపోతారు. మొదటి దోసిళ్లు పంతులుగారు చెప్పినట్టు మర్యాదగా పోస్తారు, వాటిని వదిలేయండి. పోటీ మొదలయ్యేది ఆ తర్వాత, వెనక నుంచి స్నేహితులు ఎగదోసినప్పుడు. బియ్యం గాలిలో గింజ గింజగా ఆగిపోవాలంటే 1/1000, గీతల్లా జారాలంటే 1/125. మధ్యలో 1/250 పెడితే గింజా కాదు, గీతా కాదు, మురికి మరకల్లా ఉంటుంది. ఎగిరే గింజల మీదికి ఫోకస్ దూకుతుంటే మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించండి, కన్నును పట్టుకున్నాక అడ్డొచ్చినవాటిని కెమెరా కొంతసేపు పట్టించుకోదు. పోసేవాళ్ల మీద కాక పోయించుకునేవాళ్ల మీద ఫోకస్ ఉంచండి. తల తప్పించుకుంటూ కళ్లు మూసుకుని నవ్వే ముఖం అటువైపే ఉంటుంది.

బిందెలో ఉంగరం వెతికేటప్పుడు పైనుంచి తీస్తే రెండు తలలు, ఒక బిందె. నేల మీద కూర్చుని బిందె అంచు మీదుగా చూడండి. చెయ్యి లోపల పెనుగులాడుతుంటే ముఖంలో ఏమీ తెలియనట్టు నటన నడుస్తుంది, తీయాల్సింది ఆ నటనే. హోమం దగ్గర పొగ లేచినప్పుడు ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. పొగ ఏ వైపు పోతోందో చూసి ఎదురువైపుకు మారండి.

భోజనాల బంతిలో నమిలే ముఖాన్ని తీయకండి, ఎంత అందమైనవాళ్లైనా చూడలేం. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం వేయనా" అని అడిగినప్పుడు అరిటాకు మీద చెయ్యి అడ్డం పెట్టి తల పైకెత్తి వద్దనే క్షణం ఉంది చూడండి, అది ప్రతి బంతిలో పాతికసార్లు వస్తుంది. వరసకు ఎదురుగా మూడు మీటర్ల దూరంలో నిలబడితే చాలు.

పిల్లల్ని పిలవకండి. వాళ్ల ఎత్తుకు కిందికి కూర్చుని, రెండు మూడు నిమిషాలు కెమెరా ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉండండి. మొదట వచ్చి చూస్తారు, తర్వాత విసుగొచ్చి వాళ్ల ఆటకు వెళ్లిపోతారు. అప్పుడు ఎత్తాలి. పెద్దవాళ్లు దీనికి తలకిందులు. కెమెరా చూడగానే కళ్లజోడు తీసి, చేతులు మోకాళ్ల మీద పెట్టి బిగుసుకుంటారు. వాళ్లు కోరిన ఆ బిగుసుకున్న ఫోటోను ముందు మర్యాదగా తీసి, స్క్రీన్ మీద చూపించి, "బాగుంది తాతగారూ" అనండి. పని అయిపోయిందనుకుని ఊపిరి వదిలి పక్కనున్న ఆవిడతో మాట్లాడతారు. అసలు ఫోటో ఆ తర్వాత అరనిమిషంలో ఉంటుంది, కెమెరాను కిందికి దించకండి.

అప్పగింతలు

ఇక్కడ దగ్గరికి వెళ్లకండి. 85 ఎంఎంతో నాలుగు మీటర్ల నుంచి తీసినా నిలువు ఫ్రేమ్‌లో ఇద్దరు మనుషులు నిండుగా పడతారు. పాలపళ్లెంలో ముంచిన చేతులను అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు అందరూ పెళ్లికూతుర్నే చూస్తారు. తండ్రి మాత్రం సాధారణంగా వేరే ఎటో చూస్తుంటాడు. ఒకరి మీద ఐదారు ఫోటోలు తీశాక ఆపేయండి. ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టినా, ముఖం తిప్పుకున్నా కెమెరా దించేయాలి, అందులో రెండో ఆలోచన లేదు. వీడియో లైటును అప్పుడు సగానికి తగ్గించమని ముందే చెప్పి ఉంచండి.

ఫోన్‌తో అయితే

ముందు లెన్స్ తుడవండి, పందిట్లో నెయ్యి, పసుపు అంటని చెయ్యి ఉండదు. మామూలు 1ఎక్స్‌తో దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌లో ఉన్న 2ఎక్స్ లేదా 3ఎక్స్ వాడండి. పోర్ట్రెయిట్ మోడ్‌ను కదిలే మనుషుల మీద వాడకండి, నొక్కడానికీ తీయడానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. పైగా మల్లెపూలను, బుట్టకమ్మలను, చెదిరిన జుట్టును వెనకభాగమనుకుని కత్తిరించేస్తుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేసుకుంటే స్టేజీ లైటు వెనకనుంచి వచ్చినా ముఖం నల్లబడదు. రాత్రిపూట ప్రో మోడ్‌లో షట్టర్ 1/125 పెట్టండి. ఆటోకి వదిలేస్తే ఫోన్ షట్టర్‌ను నెమ్మది చేసి, దీపాలు మెరిసే, ముఖాలు చెదిరే ఫోటో ఇస్తుంది.

ఏరేటప్పుడు

మెమరీ కార్డును రెండు చోట్ల కాపీ చేసేదాకా ఫార్మాట్ చేయకండి. ఏరడం మర్నాడు పెట్టుకోండి, నిద్రకళ్లతో అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక్కో నవ్వుకు ఒక్క ఫోటో మాత్రమే ఉంచండి. నవ్వు పూర్తిగా విచ్చుకున్నదాని కన్నా, విచ్చుకోబోతున్నది చాలాసార్లు బాగుంటుంది. సగం మూసిన కళ్లు, మాట మధ్యలో వంకరపోయిన నోరు ఉన్నవి ఎంత వెలుతురు బాగున్నా తీసేయండి, ఆ మనిషి జీవితాంతం ఆ ఫోటోను తిట్టుకుంటారు. ముఖాలను సాఫ్ట్‌వేర్‌తో నున్నగా చేయొద్దు, అమ్మమ్మ ముడతలు పోతే అమ్మమ్మ కూడా పోతుంది. అప్పగింతల ఫోటోలను, ఏడుస్తున్న ముఖాలను కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేయకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టి ముందు పెళ్లికూతురికే పంపండి. ఏవి బయటికి రావాలో ఆమె చెప్పాక మిగతావాళ్లకు.